చదివినవే తప్పవుతున్నాయి: లైసెన్సింగ్ పరీక్షకు బేసిక్ సైన్సెస్ రివిజన్‌పై ఒక కేస్ స్టడీ

వైద్యవిద్య పూర్తిచేసి, కొన్నేళ్లు వార్డుల్లో పనిచేసి, ఆ తర్వాత లైసెన్సింగ్ పరీక్షకు కూర్చునే వైద్యులకు బేసిక్ సైన్సెస్ (ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ వంటి మూల శాస్త్రాలు) రివిజన్ చేయించడం నా పని. అలా నా దగ్గరకు వచ్చిన ఒక వైద్యురాలి గురించి ఇక్కడ రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టగలిగే వివరాలేవీ ఇవ్వడం లేదు. ఆమె చదివిన తీరు, చేసిన పొరపాట్లు, మేం చేసిన మార్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ఇదే ఇబ్బందితో నా దగ్గరకు వచ్చేవారు చాలామంది. వాళ్లందరికీ అందే సలహా మాత్రం సాధారణంగా ఒకటే: ఇంకోసారి చదవండి. ఆ సలహా ఈమె విషయంలో ఎందుకు పనిచేయలేదో చెప్పడమే ఈ కేసు రాయడానికి కారణం.

ఆమె ఎలా వచ్చారు

జనరల్ మెడిసిన్ వార్డులో పనిచేస్తున్న వైద్యురాలు. రోగిని చూసి నిర్ణయం తీసుకోవడంలో తడబాటు లేదు. డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌తో (మధుమేహంలో రక్తం ఆమ్లగుణం పెరిగే ప్రమాద స్థితితో) వచ్చినవారికి ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు పొటాషియం చూడాలని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ ఇన్సులిన్ ఇస్తే పొటాషియం కణంలోకి ఎలా వెళుతుందని అడిగితే ఆగిపోయేవారు. సోడియాన్ని కణం బయటకూ పొటాషియాన్ని లోపలికీ నడిపే సోడియం పొటాషియం పంపు పేరు ఆమెకు తెలియక కాదు. చేతిలో ఉన్న నిర్ణయానికీ ఆ పంపుకూ మధ్య దారి మూసుకుపోయింది, అంతే. బేసిక్ సైన్సెస్ భాగంలో పరీక్ష అడిగేది సరిగ్గా ఆ దారినే.

మొదటి ప్రయత్నంలో స్వల్ప తేడాతో తప్పారు. రివ్యూ పుస్తకం పలుమార్లు తిరగేశారు. పేజీల్లో మూడు రంగుల గీతలు, అంచుల్లో చిన్న అక్షరాలతో నోట్సు. శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. నాతో ఆమె అన్న మొదటి మాట ఇది: "సార్, చదవనివి తప్పయితే బాధ లేదు. చదివినవే తప్పవుతున్నాయి. జవాబు చూడగానే ఇది నాకు తెలిసిందే కదా అనిపిస్తుంది."

ఆ చివరి వాక్యంలోనే సమస్య ఉంది. జవాబు కళ్ల ముందు ఉన్నప్పుడు తెలిసినట్టనిపించడం చదివిన ప్రతివారికీ జరిగేదే. పరీక్షలో జవాబు కళ్ల ముందు ఉంటుంది, కానీ దాని పక్కనే దానిలాగే కనిపించే మరో నాలుగు కూడా ఉంటాయి. అప్పుడు ఆ "తెలిసినట్టు" అనే భావన అన్నింటికీ సమానంగా కలుగుతుంది.

తప్పులను విడదీయడం

కొత్తగా ఏమీ చదవవద్దని చెప్పి, క్వశ్చన్ బ్యాంకులో ఆమె తప్పుచేసిన ప్రశ్నలను తెప్పించాను. ప్రతి ప్రశ్నకూ పక్కన ఒక్క వాక్యం రాయమన్నాను: ఈ తప్పు జవాబును ఎందుకు ఎంచుకున్నారు? "తెలియదు", "తొందరపడ్డాను" అని రాయకూడదన్నది ఒక్కటే షరతు. మొదట్లో ఆమెకు ఇది చిరాకు కలిగించింది. రెండు పేజీలు దాటాక తనే వేగం పెంచారు, ఎందుకంటే ఒక పోలిక బయటపడసాగింది.

అసలు ఎన్నడూ చూడని విషయం వల్ల పోయిన ప్రశ్నలు చాలా తక్కువ. ఎక్కువ భాగం జంటలే. మూత్రపిండ నాళాల జన్యు వ్యాధుల్లో బార్టర్ అడిగితే గిటెల్‌మన్, ఎంజైము లోపంతో కణాల్లో పదార్థాలు పేరుకునే వ్యాధుల్లో హంటర్ అడిగితే హర్లర్, యూరియా సైకిల్ ఎంజైము లోపం అడిగితే ఒరోటిక్ అసిడ్యూరియా (మూత్రంలో ఒరోటిక్ ఆమ్లం పెరిగే మరో ఎంజైము లోపం). జంటలో రెండూ ఆమెకు తెలుసు. ఏది ఏదో తెలియదు. ఇంకొన్ని తప్పులు మరో రకం: వాస్తవం తెలుసు, కానీ ప్రశ్నలో వర్ణించిన రోగికి ఆ వాస్తవం వర్తిస్తుందని తట్టలేదు. ప్రశ్న సరిగా చదవకపోవడం వల్ల పోయినవి కూడా ఉన్నాయి గానీ, వాటిని నేను పెద్దగా పట్టించుకోలేదు. గందరగోళం తగ్గితే చదివే ఓపిక దానంతటదే వస్తుంది.

దీన్నిబట్టి నా అంచనా ఏమిటంటే, ఈమెకు మరుపు సమస్య కాదు, కలగాపులగం సమస్య. కలగాపులగానికి మళ్లీ చదవడం మందు కాదు, ఒక్కోసారి అది సమస్యను పెంచుతుంది కూడా. పక్కపక్కనే ఉన్న రెండు పేరాలను ఒకే ఊపులో మళ్లీ మళ్లీ చదివితే రెండూ సమానంగా పరిచయమవుతాయి, తేడా మాత్రం స్థిరపడదు.

తెల్ల కాగితం

పుస్తకం మూసి, తెల్ల కాగితం ఇచ్చి, నాలుగు పరిస్థితులు రాయమన్నాను: రక్తహీనత, కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం, మెట్‌హీమోగ్లోబినీమియా, సయనైడ్ విషప్రభావం. ప్రతిదానికీ మూడు గడులు: ధమని రక్తంలో ఆక్సిజన్ పాక్షిక పీడనం, హీమోగ్లోబిన్ శాచురేషన్ (హీమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండింది), రక్తంలోని మొత్తం ఆక్సిజన్. బాణం పైకా, కిందికా, మామూలేనా అన్నది నింపాలి.

కార్బన్ మోనాక్సైడ్ ఎదురుగా మూడు గడుల్లోనూ కిందికి బాణాలు వేశారు. పాక్షిక పీడనం ఎందుకు తగ్గిందని అడిగాను. "రక్తంలో ఆక్సిజన్ తగ్గింది కదా" అన్నారు. పొరపాటు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. పాక్షిక పీడనం అంటే ప్లాస్మాలో కరిగి ఉన్న ఆక్సిజన్ కలిగించే పీడనం. అది ఊపిరితిత్తిలో గాలి, రక్తం కలిసే చోట తేలిపోతుంది. హీమోగ్లోబిన్‌తో దానికి పని లేదు.

అంకెలు వేయించాను. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. డెసిలీటరుకు 15 గ్రాములుంటే దాదాపు 20 మి.లీ. ఇక కరిగి ఉన్నది: ప్రతి మి.మీ. పాదరస పీడనానికి 0.003 మి.లీ. పీడనం 100 ఉంటే 0.3 మి.లీ. మాత్రమే. 20 పక్కన 0.3 చూశాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే రబ్బరు తీసుకుని మొదటి గడిలో బాణం చెరిపి "మామూలే" అని రాశారు. రక్తహీనతలో పీడనం మామూలు, శాచురేషన్ మామూలు, మొత్తం ఆక్సిజన్ మాత్రం తక్కువ, ఎందుకంటే మోసే హీమోగ్లోబినే తక్కువ. కార్బన్ మోనాక్సైడ్ అయితే ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. పీడనం మామూలు, శాచురేషన్ తక్కువ, మొత్తం తక్కువ. పైగా మిగిలిన ఆక్సిజన్‌ను కూడా కణజాలానికి వదలనివ్వదు, అంటే హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలే తీరును చూపే డిసోసియేషన్ వక్రరేఖ ఎడమకు జరుగుతుంది. మామూలు పల్స్ ఆక్సిమీటర్ ఇక్కడ దాదాపు మామూలు అంకెనే చూపుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. హీమోగ్లోబిన్ రకాలను విడివిడిగా కొలిచే కో-ఆక్సిమెట్రీ ఎందుకు కావాలో అక్కడ అర్థమవుతుంది.

తర్వాతి గడిలోకి వెళ్లాం. మెట్‌హీమోగ్లోబిన్‌లో ఇనుము ఫెర్రిక్ స్థితిలో (ఒక ఎలక్ట్రాన్ కోల్పోయి) ఉంటుంది, ఆక్సిజన్‌ను పట్టదు. డాప్సోన్, బెంజోకెయిన్, నైట్రైట్లు దీనికి పేరుపడ్డ కారణాలు. రక్తం చాక్లెట్ రంగులో కనిపిస్తుంది, ఆక్సిమీటర్ 85 శాతం దగ్గర నిలబడిపోతుంది. మందు మిథిలీన్ బ్లూ అని ఆమె వెంటనే చెప్పారు. ఎలా పనిచేస్తుందని అడిగాను. మౌనం. మిథిలీన్ బ్లూ పనిచేయాలంటే దాన్ని ఎర్రకణంలోని ఒక రిడక్టేజ్ మార్చాలి, ఆ రిడక్టేజ్‌కు ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ కావాలి. ఎర్రకణానికి ఎన్ఏడీపీహెచ్ వచ్చేది హెక్సోస్ మోనోఫాస్ఫేట్ మార్గం నుంచి. ఆ మార్గం ముఖద్వారంలో ఉన్న ఎంజైము జీ6పీడీ. మాట ఇక్కడిదాకా రాగానే ఆమే అందుకున్నారు: "అయితే జీ6పీడీ లోపం ఉన్నవారికి ఇది పనిచేయదు, పైగా హీమోలిసిస్ (ఎర్రకణాలు పగిలిపోవడం) వస్తుంది." ఈ జాగ్రత్త ఆమెకు ముందూ తెలుసు. ఫార్మకాలజీ నోట్సులో ఒక మూల ఎర్రగీతతో ఉంది. బయోకెమిస్ట్రీ నోట్సులో జీ6పీడీ మరో మూల ఉంది. రెండూ ఒకదాన్నొకటి ఎన్నడూ పలకరించుకోలేదు.

సయనైడ్ దగ్గర ఇదంతా చక్రంలా తిరిగి వస్తుంది. సయనైడ్ పట్టుకునేది మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను వాడే నాలుగో కాంప్లెక్స్‌లో ఉన్న ఫెర్రిక్ ఇనుమును. ఆక్సిజన్ వస్తుంది గానీ వాడకం ఆగిపోతుంది, అందుకే సిరల రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది, లాక్టేట్ పెరుగుతుంది. నైట్రైట్ ఎందుకు ఇస్తారు? కావాలని కొంత మెట్‌హీమోగ్లోబిన్ తయారుచేస్తే, దాని ఫెర్రిక్ ఇనుము సయనైడ్‌ను తనవైపు లాక్కుంటుంది. మరి మంటల్లో పొగ పీల్చినవారికి నైట్రైట్ బదులు, సయనైడ్‌ను నేరుగా పట్టుకునే హైడ్రాక్సోకోబాలమిన్‌ను ఎందుకు ఎంచుకుంటారు? అక్కడ కార్బన్ మోనాక్సైడ్ అప్పటికే కొంత హీమోగ్లోబిన్‌ను ఆక్రమించి ఉంటుంది, మిగిలినదాన్ని మనమే పనికిరాకుండా చేయకూడదు. ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు నేను చెప్పలేదు, ఆమె చెప్పారు. ఎమర్జెన్సీలో పొగబారిన పడినవారిని చూసిన వైద్యురాలికి ఈ తర్కం పుస్తకం కన్నా బాగా తెలుసు. కావలసిందల్లా ఫిజియాలజీ దాన్ని అందుకోవడమే.

ఆ ఒక్క కాగితం కోసం ఒక పూట పట్టింది. సిలబస్ వేగంతో చూస్తే అది నష్టమే. కానీ ఆ తర్వాత ఈ నాలుగింటిలో దేనిపై ప్రశ్న వచ్చినా ఆమె తప్పు చేయడం నేను చూడలేదు.

కారణం ఉన్నవీ, లేనివీ

అప్పటినుంచి ప్రతి జంట దగ్గరా మేం అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ తేడాకు కారణం ఉందా, లేక ఊరికే గుర్తుపెట్టుకోవలసిందేనా? ఈ విభజన రివిజన్‌లో చాలామంది చేయరు. దాంతో కారణం ఉన్నవాటిని బట్టీపడతారు, కారణం లేనివాటి కోసం వెతుకుతూ కూర్చుంటారు.

బార్టర్, గిటెల్‌మన్ జంటకు కారణం ఉంది. రెండింటిలోనూ పొటాషియం తక్కువ, మెటబాలిక్ ఆల్కలోసిస్ (రక్తం క్షారగుణం పెరగడం), రక్తపోటు పెరగదు. తేడా మూత్రంలోని కాల్షియంలో. మూత్రపిండ నాళంలోని హెన్లే లూపు మందపాటి ఆరోహణ భాగంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఒకే ట్రాన్స్‌పోర్టర్ (రవాణా ప్రోటీన్) ద్వారా కలిసి కణం లోపలికి వెళ్తాయి. పొటాషియం కొంత వెనక్కి కారడంతో నాళం లోపలి వైపు ధనావేశం ఏర్పడుతుంది, అదే కాల్షియం, మెగ్నీషియంలను కణాల మధ్యనుంచి నెడుతుంది. ఆ ట్రాన్స్‌పోర్టర్ ఆగిపోతే నెట్టేది లేదు, కాల్షియం మూత్రంలోకి పోతుంది. మూత్రం పెంచే మందు ఫ్యూరోసెమైడ్ చేసేదీ ఇదే, బార్టర్ అంటే పుట్టుకతోనే ఫ్యూరోసెమైడ్ మీద ఉన్నట్టు. దూరస్థ నాళంలో కథ వేరు. అక్కడ సోడియం లోపలికి రావడం ఆగితే, కణంలో సోడియం తగ్గి, రక్తం వైపున ఉన్న సోడియం కాల్షియం ఎక్స్‌ఛేంజర్ చురుకవుతుంది, కాల్షియం శరీరంలో నిలుస్తుంది. అది థయజైడ్ అనే మరో రకం మూత్రం పెంచే మందు చేసే పని, అదే గిటెల్‌మన్. మందుల ప్రభావాలు ఆమెకు వార్డులో రోజూ చూసే సంగతులే కాబట్టి, వ్యాధులను మందులకు కట్టేశాక ఆ జంట మళ్లీ కలవలేదు.

ఒరోటిక్ ఆమ్లం సంగతీ అంతే. యూరియా సైకిల్‌లో ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ లేకపోతే, మైటోకాండ్రియాలో పోగుపడిన కార్బమైల్ ఫాస్ఫేట్ బయటకు పొంగి పిరిమిడిన్ మార్గంలో పడుతుంది. ఒరోటిక్ ఆమ్లం పెరుగుతుంది, అమ్మోనియా కూడా పెరుగుతుంది. అదే పిరిమిడిన్ మార్గంలోనే యూఎంపీ సింథేజ్ లోపమైతే ఒరోటిక్ ఆమ్లం పెరుగుతుంది గానీ అమ్మోనియా మామూలుగా ఉంటుంది, దాంతోపాటు ఫోలేట్‌కూ బీ12కూ లొంగని మెగలోబ్లాస్టిక్ రక్తహీనత ఉంటుంది. ఇంకో అడుగు ముందుకేసి, కార్బమైల్ ఫాస్ఫేట్ సింథటేజ్ 1 లోపిస్తే ఏమవుతుందని అడిగితే, అసలు పొంగడానికి పదార్థమే తయారు కాదు కాబట్టి అమ్మోనియా ఎక్కువ, ఒరోటిక్ ఆమ్లం పెరగదు అని ఆమె కాగితం మీదే తేల్చుకున్నారు. మూడు వాస్తవాలు ఒకే బొమ్మలో ఇమిడాయి.

హంటర్, హర్లర్‌లకు అలాంటి సుఖం లేదు. హర్లర్‌లో కార్నియా మసకబారుతుంది, హంటర్‌లో మసకబారదు, హంటర్ ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది. టే-శాక్స్‌లో హెక్సోసమినిడేజ్ ఏ, నీమన్-పిక్‌లో స్ఫింగోమైలినేజ్. కంటి లోపల ఎర్రని చుక్క రెండింటిలోనూ ఉండవచ్చు, కాలేయం, ప్లీహం పెరిగేది మాత్రం రెండోదానిలో. ఇవి బట్టీనే. ఇలాంటివాటికి నెమోనిక్‌లు (గుర్తుపెట్టుకోవడానికి అల్లే అక్షర సూత్రాలు) వాడవద్దని నేను చెప్పను. కానీ నెమోనిక్ వాడవలసింది ఇలాంటి చోటే. డైయూరెటిక్‌లకు (మూత్రం పెంచే మందులకు) నెమోనిక్ పెట్టుకోవడం ఉన్న కారణాన్ని పారేసి దాని స్థానంలో అక్షరాలు పెట్టుకోవడం, దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

కార్డులు

ఆమె ఫ్లాష్ కార్డులు ముందే తయారుచేసుకున్నారు. ముందువైపు "గిటెల్‌మన్ సిండ్రోమ్", వెనకవైపు ఎనిమిది వరుసలు. అందులో ఐదు చెప్పగలిగితే వచ్చిందనుకుని పక్కన పెట్టేవారు. పరీక్షకు కావలసినవి తరచూ మిగిలిన మూడు. కార్డుకు ఒకే ప్రశ్న ఉండేలా విడగొట్టాం. దిశ కూడా మార్చాం. పరీక్ష వ్యాధి పేరిచ్చి లక్షణాలు అడగదు, లక్షణాలిచ్చి కారణం అడుగుతుంది. కాబట్టి ముందువైపు "పొటాషియం తక్కువ, ఆల్కలోసిస్, రక్తపోటు మామూలు, మూత్రంలో కాల్షియం తక్కువ: ఏ ట్రాన్స్‌పోర్టర్?" అని ఉంటుంది, వెనక ఒకే మాట. దాని జంట కార్డులో ఒక్క పదం మారుతుంది, కాల్షియం ఎక్కువ. ఈ రెండూ వరుసగా రాకుండా కలిపేయాలి.

మళ్లీ చదవడం కన్నా గుర్తుచేసుకోవడం బలంగా నిలుస్తుందనడానికి ఆధారం ఉంది. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే ప్రచురించిన ప్రయోగాల్లో, ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారే మెరుగ్గా చేశారు. వారం తర్వాత పరీక్షిస్తే, మధ్యలో గుర్తుచేసుకునే పరీక్షలు రాసినవారే ముందున్నారు. ఆమెకు ఇది చెప్పడం అవసరమైంది, ఎందుకంటే కొత్త పద్ధతిలో తొలి వారాలు వెనకబడినట్టే అనిపిస్తుంది. మూసిన పుస్తకం ముందు తడుముకోవడం హాయిగా ఉండదు. రోజూ రాత్రి "ఈరోజు పేజీలేమీ అవలేదు" అని మెసేజ్ పెట్టేవారు. పేజీలు లెక్కించవద్దని, ఏ జంట విడిపోయిందో అదే పంపమని అడిగాను. రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో కొత్త కాగితం ఉండేది కాదు, పాత కార్డులు మాత్రమే.

ఏమైంది

రెండో ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. నాకు అంతకన్నా సంతృప్తినిచ్చింది మాక్ టెస్టుల తర్వాత ఆమె రాసే కారణాల వాక్యాలు మారిన తీరు. మొదట్లో "రెండింట్లో ఒకటనుకున్నాను" అని ఉండేది. చివర్లో "ఎక్స్‌ఛేంజర్ ఏ వైపుందో తారుమారు చేశాను" అని ఉండేది. రెండో రకం తప్పును పది నిమిషాల్లో సరిచేయవచ్చు.

అన్నీ సరిపడలేదు. పిండశాస్త్రం చివరిదాకా బలహీనంగానే ఉంది. పిండం మెడ భాగంలో ఏర్పడే ఫారింజియల్ ఆర్చుల నుంచి ఏ నాడి, ఏ కండరం అన్నది ఆమెకు పట్టుబడలేదు, సమయం చూసుకుని దాన్ని అక్కడికి వదిలేశాం. ఆ సమయాన్ని బయోస్టాటిస్టిక్స్‌కు ఇచ్చాం, అక్కడ ఫలితం త్వరగా వచ్చింది. సూత్రాలు పక్కన పెట్టి 1,000 మందిని ఊహించుకోమన్నాను. వ్యాధి 1 శాతం మందికి ఉంది, పరీక్ష సెన్సిటివిటీ (వ్యాధి ఉన్నవారిని పట్టే శాతం) 90 శాతం, స్పెసిఫిసిటీ (లేనివారిని లేదని చెప్పే శాతం) 90 శాతం. వ్యాధి ఉన్న 10 మందిలో 9 మంది పాజిటివ్. లేని 990 మందిలో 99 మంది కూడా పాజిటివ్. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజమైనవి 9, అంటే 8 శాతం చిల్లర. వ్యాధి అరుదైనప్పుడు పాజిటివ్ ఫలితం విలువ ఎందుకు పడిపోతుందో ఇక వివరించవలసిన అవసరం రాలేదు.

ఈ పద్ధతి అందరికీ మొదటి మెట్టు కాదు. తెల్ల కాగితం ఇచ్చినప్పుడు తారుమారు బాణాలు వేసేవారికి ఇది సరిపోతుంది. గడులు ఖాళీగా వదిలేసేవారు, అంటే అసలు ఏ బాణమూ వేయలేనివారు, ముందు ఒకసారి నిదానంగా పుస్తకం చదవాలి. అలాంటివారికి తప్పుల విశ్లేషణ మొదలుపెడితే నిరుత్సాహం తప్ప ఏమీ మిగలదు. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి రోజు ఆ నాలుగు వరుసల, మూడు గడుల కాగితం ఇస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని చూశాకే నిర్ణయిస్తాను.